నీటిమట్టం

కిసుము రేవులో పొద్దున్న ఆరున్నరకి
గుర్రపుడెక్కను కర్రతో పక్కకు నెట్టి
కొలబద్ద మీది అంకె చదువుతుంది అకుము.
ఒకసారి కాదు, మూడుసార్లు.
అల వచ్చినప్పుడు ఒకటి, పోయినప్పుడు ఒకటి,
రెండిటి నడుమ సరస్సు ఊపిరి బిగబట్టినప్పుడు ఒకటి.
ఆ మూడోదే నిజమని నాకు నేర్పింది,
నేను ఉద్యోగంలో చేరిన రెండో రోజున,
తన రబ్బరు బూట్లు నాకిచ్చి
తాను ఉత్త కాళ్ళతో నీళ్ళలోకి దిగి.

జలవనరుల శాఖ. గేజి రీడరు, గ్రేడు మూడు.
చేరినప్పుడు గ్రేడు మూడు.
కడుపులో కవలలు తన్నుతున్నప్పుడు గ్రేడు మూడు.
ఆ కవలల్లో అపియో బ్యాంకులో చేరి
మూడేళ్ళలో రెండు మెట్లు ఎక్కి
అమ్మకి కొత్త గొడుగు కొనిచ్చిన రోజున కూడా
మూడే.

ఏటా జూన్‌లో ఆమె గురించి ఒకే మాట రాస్తారు: సంతృప్తికరం.
ఒక ఏడు ఆ మాటలో దొర్లిన అక్షరదోషం
తర్వాతి తొమ్మిదేళ్ళూ అలాగే దిగింది.

సీనియారిటీ జాబితాలో ఆమెకు పైన పదకొండు మంది.
కొందరు రిటైరయ్యారు, ఒకాయన పోయాడు,
వరస నాలుగుకి వచ్చేసరికి
రెండు శాఖల్ని కలిపేశారు.
మళ్ళీ పంతొమ్మిది.

"అయిదేళ్ళ తర్వాత ఎక్కడుంటారు?" అని
ఇంటర్వ్యూలో అడిగారట.
"నీళ్ళు ఎక్కడుంటే అక్కడ" అందట.
ఎవరూ నవ్వలేదట. టీ మాత్రం ఇచ్చారట.

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉన్నా
కింద నేల ఊరుకోలేదు.
ఆ ఏడు సరస్సు లేచింది.
రేవు మెట్లు మింగింది, ఒమేనా చేపలు ఎండేసే ఇసక మింగింది,
కొలబద్దను నిలువునా మింగింది,
మా ఆఫీసు వరండాలోకొచ్చి కూర్చుంది.
"దీనికి ఆర్డరు ఎవరిచ్చారో కనుక్కో" అని
అకుము ఒక్కతే నవ్వింది.

మునిగిన జెట్టీ స్తంభానికి
కూతుళ్ళ పాత బడి స్కేళ్ళు ఒకదాని మీదొకటి మేకులతో కొట్టి
ఏడు నెలలు అంకెలు రాసింది, ఒక్క రోజు పోకుండా.
ఆ స్తంభం మీద నత్తలుండేవి.
వాటి ఎత్తు కూడా పెన్సిలుతో మార్జిన్‌లో రాసేది:
ఈ వారం నత్త, నాలుగు సెంటీమీటర్లు పైకి.
నత్తనడక అనే మాట
ఆ తర్వాత నేను ఎవరి మీదా వాడలేదు.

ఆ ఏడు నెలల అంకెలతో నేనొక నివేదిక రాశాను.
గ్రాఫులు బాగా కుదిరాయి. నైరోబీ మెచ్చుకుంది.
కృతజ్ఞతల్లో ఆమె పేరు ఉంది,
చివరి పేజీలో,
"క్షేత్ర సిబ్బంది" అనే మాట లోపల.

నేను రెండు మెట్లెక్కి నాలుగో అంతస్తుకి వచ్చాను.
ఆ మర్నాడు ఫోనులో
పన్నెండేళ్ళ "రాసుకోరా బరాసా"
"రాసుకోండి సార్" అయింది.

ఇవాళ నా బల్ల మీద ఆమె ఫైలు.
రిటైర్మెంటుకి ఎనిమిది నెలలు.
గ్రేడు మూడు నుంచి నాలుగుకి
సిఫార్సు చేయడమైనది, చేయడం లేదు, ఒకటి కొట్టివేయండి.
కొట్టేశాను, రెండోది. సంతకం పెట్టాను.
ముద్ర సరిగా పడలేదని మళ్ళీ వేశాను.
ఇక అది ఆరు బల్లలు దాటాలి.
ఒకాయన సెలవులో ఉన్నాడు.
ఒక కుర్చీ ఖాళీ. ఆ కుర్చీ ఫైలు వేరే నడుస్తోంది.

ఫోను మోగింది. చెబుదామని నోరు తెరిచాను.
"పన్నెండు మీటర్ల డెబ్బై నాలుగు" అందామె,
"నిన్నటికంటే సెంటీమీటరు తక్కువ."
వెనక కొంగల రెక్కల చప్పుడు,
బూట్లలోంచి నీళ్ళు వంపుతున్న చప్పుడు.
ఏమనాలో తెలీక
"సరిగ్గా చూశారా?" అన్నాను.

కాసేపు అటువైపు ఏమీ లేదు.
అల వచ్చి, పోయి.

"మూడుసార్లు" అంది,
సార్ లేకుండా.

రాసుకున్నాను.